మన ఊరి నీటి జమాఖర్చు
(జలశాస్త్ర ప్రథమ పాఠము)

నీరు లేనిదే ప్రాణము నిలువదని ఎరుగనివారు లేరు. అయినను ఆ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది, ఎంత వచ్చుచున్నది, వచ్చినది ఎటు పోవుచున్నది అను మూడు ప్రశ్నలకు తడువుకొనక జవాబు చెప్పగలవారు మనలో మిక్కిలి కొలదిమంది. ఇంటి రాబడిని, వ్యయమును చిట్టాలో వ్రాసికొను మనము, ఆ ఇంటికి ప్రాణాధారమైన నీటికి మాత్రము లెక్క ఉంచుకొనము.

ఈ సంగతి మాకు ఒక విద్యార్థి ప్రశ్నవలన స్ఫురించినది. ఒక వేసవి దినమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు పాఠమైన పిమ్మట మాయొద్ద నిలిచి, "అయ్యా, కార్తికములో మా ఊరి చెరువు నిండి మరవ పారినది. అయినను మా బోరు మాఘమునకే ఎండిపోయినది. చెరువులో నిండిన నీరు ఏమైనది?" అని యడిగెను. వాని తండ్రి అప్పు చేసి మూడవ బోరు వేయించుచున్నాడని పిమ్మట తెలిసినది. ఆ దినమున మేము చెప్పిన జవాబు మాకే తృప్తి కలిగింపలేదు. అందుచే ఆ ప్రశ్నకు క్రమముగా సమాధానము వ్రాయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. మన ప్రాంతమందలి తలిదండ్రులలో పెక్కురకు ఇది పుస్తకములోని ప్రశ్న గాక ఇంటిలోని ప్రశ్నయే గనుక, వారును దీనిని చదువుదురుగాక యని కోరుచున్నాము.

1. జలశాస్త్రమన నేమి?

భూమిమీదను, భూమిలోపలను, భూమిని ఆవరించియున్న గాలిలోను నీరు ఏ రూపమున, ఎంత పరిమాణమున ఉన్నదో, ఎట్లు సంచరించుచున్నదో తెలుపు శాస్త్రమే జలశాస్త్రము. ఇది కేవలము పాశ్చాత్యులనుండి వచ్చిన విద్య కాదు. కడప మండలమందలి పోరుమామిళ్ల చెరువు శాసనమున, క్రీ. శ. 1369 నాటికే, దీనికి పాథశ్శాస్త్రమను పేరు కలదు. పాథస్సనగా నీరు. ఆ శాసనమును గూర్చి మరల ముచ్చటింతము.

భూమిమీది నీటిలో నూటికి 97 పాళ్లు సముద్రమందలి ఉప్పునీరు. మిగిలిన మంచినీటిలో మూడింట రెండు పాళ్లకు మించి ధ్రువప్రాంతములందును, ఎత్తైన పర్వతములమీదను మంచుగా గడ్డకట్టి యున్నది. సుమారు 30 పాళ్లు భూగర్భమున నున్నది. నదులలోను, చెరువులలోను మన కంటికి కనబడునది మంచినీటిలో నూటికి ఒక పాలైనను కాదు. కావున మన కాళ్లక్రింద దాగిన నీరు, కన్నులకు కనబడు నీటికంటె ఎన్నో రెట్లు అధికమని మొదట గ్రహింపవలెను.

2. జలచక్రము

నదులన్నియు సముద్రములోనికి పోవుచున్నను సముద్రము పొంగిపోకుండుటను బైబిలునందలి ప్రసంగి గ్రంథకర్త గుర్తించి యున్నాడు. ఇందుకు కారణము నేడు బడిపిల్లలకును తెలియును. సూర్యుని వేడిమిచే సముద్రముమీదను, చెరువులమీదను, తడినేలమీదను నున్న నీరు ఆవిరియగుట బాష్పీభవనము. చెట్లు వేళ్లతో పీల్చిన నీటిని ఆకులద్వారా ఆవిరిగా విడుచుట బాష్పోత్సేకము. ఆవిరి చల్లబడి సూక్ష్మమైన బిందువులై మేఘమగుట సాంద్రీభవనము. అది వానగా గాని, వడగండ్లుగా గాని, మంచుగా గాని క్రిందపడుట అవపాతము. పడిన నీరు కొంత నేలమీద పారును, కొంత ఇంకును, కొంత మరల ఆవిరియగును. దీనికే జలచక్రమని పేరు.

పూర్వము ఐరోపాలోని పండితులు పెక్కుమంది, వాన నీరు నదులకు చాలదనియు, సముద్రజలమే నేలక్రింది సొరంగములగుండ కొండలకెక్కి ఊటలగుచున్నదనియు తలచిరి. ఫ్రాన్సు దేశస్థుడైన పియర్ పెరో సేన్ నది మొదటి భాగమున కురిసిన వానను, పారిన నీటిని కొలిచి, వాన నీరు నదీప్రవాహమునకు ఆరు రెట్లున్నదని 1674లో ప్రకటించెను. దానితో ఆ పాత వాదము బలహీనపడినది. వాదించుట మాని కొలిచినవాడే సత్యమును కనుగొనెనని విద్యార్థులు గమనింతురుగాక.

3. వానను కొలుచు విధము

వానను దాని లోతును బట్టి కొలుతురు. కురిసిన వాన పారక, ఇంకక, ఆవిరిగాక అట్లే నిలిచినచో నేలమీద ఎంత లోతున నిలుచునో అదియే వర్షపాతము. ఒక చదరపు మీటరు నేలపై 1 మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసిన లక్ష లీటర్లకు మించును. ఈ రెండు లెక్కలను కంఠస్థము చేసిన విద్యార్థి ఏ చేనుమీద ఎంత నీరు పడినదో నోటిలెక్కగా చెప్పగలడు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ధాన్యపు కొట్టు ముందు మూరెడు వెడల్పు నోరుగల పాత్రనుంచి వానను కొలువవలెనని విధింపబడియున్నది. నేడు మన దేశమున వాతావరణ శాఖవారు ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు వర్షమాపకమును చూచి, గడచిన 24 గంటల వానను నమోదు చేయుదురు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సంవత్సరమున సగటున 900 మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. దీనిలో రమారమి సగము నైరృతి ఋతుపవనమువలనను, అంతకు కొంచెము తక్కువగా ఈశాన్య ఋతుపవనమువలనను లభించును. మన చెరువులను నింపునవి చాలవరకు ఈ రెండవ కాలపు తుపాను వానలే.

మన రైతులకు వేరొక కొలత కలదు. "ఎంత వాన?" అని యడిగిన, "దుక్కి పదును" అందురు. పదును అనగా నేల ఎంత లోతు తడిసినదో తెలుపు మాట. వర్షమాపకము ఆకాశము ఇచ్చినదానిని చెప్పును. పదును నేల పుచ్చుకొన్నదానిని చెప్పును. శాస్త్రమునకు రెండును కావలెను.

4. పరీవాహక ప్రదేశము

పెంకుటింటి నడికొప్పుమీద పడిన చినుకులు కొన్ని ముందు వసారావైపును, కొన్ని పెరటివైపును జారును. భూమిమీదను అట్టి కొప్పులు కలవు. రెండు ఏరుల నీటిని వేరుపరచు మిట్టకు జలవిభాజకమని పేరు. ఏ ప్రదేశముమీద పడిన వాన ఒకే ఏటికి గాని, ఒకే చెరువునకు గాని చేరునో ఆ ప్రదేశమంతయు దానికి పరీవాహక ప్రదేశము.

మన పాకాల ఈ పాఠమునకు తగిన స్థలము. స్వర్ణముఖీ నది మన పాకాల సమీపమందలి తూర్పు కనుమల కొండలలో, సముద్రమట్టమునకు సుమారు 300 మీటర్ల ఎత్తున పుట్టుచున్నది. అది ఈశాన్యముగా సాగి, చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతములను దాటి, సుమారు 130 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. దాని పరీవాహక ప్రదేశము 3,225 చదరపు కిలోమీటర్లు. దీని ఉపనదియగు కల్యాణిమీద 1977లో ఆనకట్ట కట్టబడినది. నదీముఖమున నున్నవారు దిగువవారికి ఋణపడి యుందురు. మనము కొండలను బోడిచేసిన, మన వాగులను పూడ్చిన, ఆ ఫలము దిగువనున్న గ్రామములును, పట్టణములును అనుభవింపవలసి వచ్చును.

5. ప్రవాహము, వరద

నేలమీద పారు నీటికి ఉపరితల ప్రవాహమని పేరు. ఒక క్షణమునకు, అనగా ఒక సెకనుకు, ఒక ఘనపుటడుగు నీరు పారిన దానిని ఒక క్యూసెక్కు అందురు. ఇది సుమారు 28 లీటర్లు. నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టి. ఎం. సి. పత్రికలలో తరచు కనబడు ఈ రెండు మాటలకు భేదము తెలియక పెద్దలును పొరబడుచుందురు. క్యూసెక్కు పారు వేగమునకు కొలత, టి. ఎం. సి. నిలిచిన రాశికి కొలత. స్వర్ణముఖీ పరీవాహకమంతటను ఒక సెంటీమీటరు వాన సమముగా కురిసినయెడల ఆ నీరు ఒక టి. ఎం. సి.కి మించును. అయినను అదంతయు నదికి చేరదు. ఎండిన నేల మొదట తన దాహమును తీర్చుకొనును. నేల తడిసి, చెరువులు నిండిన తరువాత కురిసిన వాన మాత్రమే ఇంచుమించు సంపూర్ణముగా ఏరై పారును.

2021వ సంవత్సరము నవంబరు మాసమున మన ప్రాంతమువారు దీనిని ప్రత్యక్షముగా చూచిరి. వానలకు ముందే తడిసియున్న నేలమీద 18వ తేదీ ప్రాంతమున కుంభవృష్టి కురిసినది. ఏడాదిలో పెక్కుమాసములు ఇసుకమాత్రమే కనబడు స్వర్ణముఖి ఉగ్రముగా పొంగినది. రామచంద్రాపురము మండలమందలి పురాతనమైన రాయలచెరువు కట్టకు 21వ తేదీన ఊట పుట్టగా, దిగువ గ్రామములవారిని ఇండ్లు విడిపించి మిట్టలకు చేర్చవలసి వచ్చినది. అదే వాన ఎండిన భాద్రపదమున కురిసియున్న, అంత వరద కాకపోయియుండును. కావున వరద ఆకాశమువలన మాత్రమే గాక, నేల ఉన్న స్థితివలనను కలుగునని తెలియవలెను.

6. ఇంకుడు

నేలలోనికి నీరు దిగుట ఇంకుడు. అన్ని నేలలు ఒక్కవిధముగా ఇంకింపవు. అడుగున చిల్లులు గల మూడు కుండలలో ఒకదానియందు ఏటి ఇసుక, ఒకదానియందు ఎర్ర గరుసుమన్ను, ఒకదానియందు చెరువు బంకమన్ను నింపి, ఒక్కొక్క చెంబు నీరు పోయుడు. ఇసుకనుండి నీరు వెంటనే కారును; గరుసునుండి నెమ్మదిగా కారును; బంకమన్నునుండి కారుటయే యరుదు. బంకమన్నులో ఖాళీలు లేవని తలపరాదు. అందు ఖాళీలు ఇసుకలోకంటె అధికముగా నుండవచ్చును. కాని అవి అతిసూక్ష్మములగుటచే నీటిని పట్టుకొని విడువవు. ఖాళీలయొక్క పరిమాణము రంధ్రత. నీటిని పోనిచ్చు గుణము పారగమ్యత. లోభియొద్ద ధనము ఉండుట వేరు, అది ఇతరులకు ఉపయోగపడుట వేరు గదా!

ఏటి ఇసుక గొప్ప జలనిధి. మన పెద్దలు ఎండిన ఏటి ఇసుకలో ఊటకాలువలు త్రవ్వి, ఇసుకక్రింద నెమ్మదిగా పారు నీటిని పొలములకు తెచ్చుకొనిరి. ఇసుకను మితిమీరి తోడిన ఏటికి ఈ నిలువ తరిగిపోవును. చుట్టునున్న బావులును దిగిపోవును.

7. భూగర్భజలము

ఇంకిన నీరు దిగి దిగి, నేలలోని ఖాళీలన్నియు నీటితో నిండిన భాగమును చేరును. ఆ భాగముయొక్క పైయంచునకు భూగర్భ జలమట్టమని పేరు. బావిలో కనబడు నీటి మట్టమదియే. నీటిని ఉంచుకొని, బావులకు ఇయ్యగల రాతిపొర జలధారక శిల.

కోస్తా డెల్టాలలో లోతైన ఒండ్రు, ఇసుక పొరలు కలవు. మన క్రింద నున్నది నల్లరాయి, చట్టురాయి. ఈ రాతిలో స్వతస్సిద్ధముగా నీరుండదు. పైభాగము ఎండవానలకు శిథిలమై గరుసుగా మారిన పొరలోను, దానిక్రింద అక్కడక్కడ పగిలిన బీటలలోను మాత్రమే నీరు నిలుచును. శిథిలమైన ఆ గరుసు పొరలో నూరు ఘనపుటడుగులకు ఒకటి మొదలు మూడు ఘనపుటడుగుల నీరు మాత్రమే మనకు లభించును.

దీనినుండి కలుగు ఫలితమును శ్రద్ధగా వినుడు. నూటికి రెండు పాళ్ల నీరిచ్చు పొరలోనికి ఒక అంగుళము నీరు ఇంకిన, జలమట్టము 50 అంగుళములు పైకెక్కును. రైతు బావిలోనికి తొంగిచూచి, "గంగ పైకి వచ్చినది" అని సంతసించును. కాని అదే కారణముచే ఒక అంగుళము తోడినంతనే 50 అంగుళములు దిగిపోవును. మన భూమి వెడల్పైన తొట్టి కాదు. సన్నని నోటి గొట్టమువంటిది. త్వరగా నిండును, త్వరగా ఎండును.

పూర్వము కపిలతోను, ఏతముతోను తోడునపుడు ఎద్దుల అలసటయే నీటికి కావలి. మధ్యాహ్నమునకు ఎద్దులు అలసినచో బావి విశ్రమించెడిది. రాత్రి మరల ఊరెడిది. విద్యుత్ మోటారునకు అలసట లేదు. గరుసు పొర ఎండగా, బోరు బీటలను వెదకుచు క్రిందికి పోవుచున్నది. మన పడమటి మండలములలో వేయి అడుగులు దాటిన బోర్లు కలవు. లోతు పెరిగినకొలది బీటలు సాధారణముగా తగ్గును గాని హెచ్చవు. లోతుగా త్రవ్విన బోరు నూతన జలమును సృజింపదు. పొరుగువాని వాటాను గాని, రేపటి వాటాను గాని నేడు తెచ్చును.

8. జమాఖర్చు

ఇప్పుడు చిట్టా తెరచెదము. జమ: వాన. ఖర్చు: ఆవిరియైనది, పారిపోయినది, భూగర్భమునకు చేరినది. మిగిలినది నేల పదునుగాను, చెరువు నిలువగాను ఉండును. మన గట్టిరాతి ప్రదేశములలో వానలో సుమారు పదింట ఒక పాలు భూగర్భమునకు చేరునని మాదిరి లెక్కకై అనుకొందము. 900 మిల్లీమీటర్ల వానలో అది 90 మిల్లీమీటర్లు. ఒక ఎకరమునకు సుమారు 3,64,000 లీటర్లు.

వేసవిలో బోరుక్రింద వరి పండించుటకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. 1,200ను 90చే భాగింపుడు. 13కు పైన వచ్చును. అనగా ఒక ఎకరము వేసవి వరి, పదమూడెకరముల నేల ఏడాది పొడుగున కూడబెట్టిన నీటిని త్రాగివేయును. వేరుశనగకు 500 మిల్లీమీటర్లని యెంచిన, అయిదారు ఎకరముల నీరు చాలును. తనకు రెండెకరములే యుండి వేసవిలో వరి వేసిన రైతు, తెలియకయే పొరుగువారి ఖాతానుండి పుచ్చుకొనుచున్నాడు. పొరుగువాడును అట్లే చేసినచో, ఇద్దరి ఖాతాలును ఎండును.

చెరువు నీటికిని లెక్క కలదు. వేసవిలో నీటి ఉపరితలమునుండి దినమునకు 5 మిల్లీమీటర్లు ఆవిరియైనను, ఒక హెక్టారు నీటిమీద దినమునకు 50,000 లీటర్లు గాలిలో కలియును. అడుగున బంకమన్ను పూడిక పేరుకొన్న చెరువునుండి బావులకు ఊరునది మిక్కిలి స్వల్పము. నీరు పలుచగా, వెడల్పుగా నిలుచుటచే ఆవిరియగునది అధికము.

ఆ బాలుని ప్రశ్నకు ఇదియే జవాబు. చెరువు నిండినమాట నిజము. కాని పూడికచే దాని లోతు తరిగినది. నిండుట త్వరగా నిండినది, అధికభాగము మరవమీద పోయినది. నిలిచినదానిలో సూర్యుడు తన పాలు తీసికొనెను. అడుగు బంకమన్ను ఇంకుటను అడ్డగించెను. ఇంకిన కొంచెమును ఒకే గరుసు పొరనుండి ఊరిలోని మోటారులన్నియు పంచుకొనెను. అందుచే బోరు మాఘమునకే ఎండినది. దోషము వానది కాదు. ఆ తండ్రి ఒక్కనిదియును కాదు. లెక్క ఉంచుకొనని ఊరందరిది.

9. పెద్దల విద్య

పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు రెండు సంవత్సరములు పనిచేసిరని శాసనము తెలుపుచున్నది. అందు మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములును, తప్పించుకొనవలసిన ఆరు దోషములును చెప్పబడినవి. జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, దూరమునుండి వచ్చు మంచినీటి ఏరు, కట్టను ఇరువైపుల తాకు కొండ, పొడవు మితిమీరని దృఢమైన కట్ట, వెడల్పును లోతును గల గర్భము, పనినేర్చిన జనము మొదలగునవి సాధనములు. కట్టనుండి నీరూరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొలది యయ్యు ఆయకట్టు అధికమగుట, నీరు అధికమయ్యు నేల స్వల్పమగుట దోషములు. 2021లో రాయలచెరువునకు కలిగిన అపాయము వీనిలో మొదటిదియే. నేడు మన బోర్లన్నిటికి పట్టిన దోషము అయిదవది. ఆరున్నర శతాబ్దముల క్రిందటి హెచ్చరికను మనము చదివియు చదువనట్లున్నాము.

దామలచెరువు, రాయలచెరువు, రేణిగుంట — మన ఊళ్ల పేర్లే నీటి నిలువలను చాటుచున్నవి. మన చెరువులు గొలుసు చెరువులు; ఎగువదాని మరవ నీరు దిగువదానికి జమ. తిరుమల ఆలయమునకు భక్తులు సమర్పించిన ధనముతో విజయనగర కాలమున ఆలయ గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించి, వాని ఫలసాయముతో కైంకర్యములు జరిపిరని శాసనములవలన తెలియుచున్నది. నీరుగంటి తూము తెరచి వంతుప్రకారము మళ్లకు నీరు విడిచెడివాడు. ఊరివారు కూడి పూడిక తీసి, ఆ ఒండ్రును పొలములకు తోలుకొనెడివారు. ఆ కట్టుబాటు సడలినకొలది చెరువులును సడలినవి. 2002లో మన రాష్ట్రమున జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము ఏర్పడినది. కాని ఊరి మనస్సులో లేని కట్టుబాటును చట్టము ఒక్కటియే నిలుపజాలదు.

10. విద్యార్థులు చేయదగిన పనులు

(అ) నిలువు గోడలుగల డబ్బానొకదానిని ఇంటి చూరులకును, చెట్లకును దూరముగా ఉంచి, ప్రతి వానను మిల్లీమీటర్లలో కొలిచి తేదీతో వ్రాయుడు.

(ఆ) రాయి కట్టిన త్రాటితో మీ బావి నీటిమట్టమును నెలకు రెండుమారులు కొలువుడు. పెద్దవారు తోడులేక బావి యొరను సమీపింపకుడు.

(ఇ) మీ చెరువునకు నీరు తెచ్చు వాగుల వెంబడి పెద్దవారితో నడచి, ఎక్కడ పూడినదో, ఎక్కడ ఆక్రమింపబడినదో పటము గీయుడు.

(ఈ) ఈ మూడు లెక్కలను సంవత్సరాంతమున ఇంట చదివి వినిపింపుడు. బోరు వేయుటకు అప్పు పుచ్చుకొనకమునుపు తండ్రులు ఆ చిట్టాను ఒకమారు చూతురుగాక.

ఆదికాండమున ఇస్సాకు చరిత్రము మనకు తెలిసినదే. తన తండ్రి త్రవ్వించిన బావులను పరులు మన్ను పోసి పూడ్చివేయగా, అతడు వానిని మరల త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే పెట్టెను. మన తండ్రుల చెరువులను పూడ్చినవారు పరులు కారు, మనమే. వానిని మరల త్రవ్వవలసినవారమును మనమే. పేర్లు ఇంకను నిలిచియున్నవి. నీరు నిలుచునట్లు చేయుట మిగిలియున్నది.

ఆ బాలుడు ఈ సంవత్సరము తన ఊరి వానను ఒక పాత డబ్బాతో కొలుచుచున్నాడు. ప్రతి సోమవారము చిట్టాను తెచ్చి మాకు చూపును. వాని మూడవ బోరులో నీరు పడలేదు. కాని ఆ ఇంట ఈ వేసవిని వరి వేయరాదని నిశ్చయించిరి.